తన చక్రాల మీద తానే వచ్చిన బండి

మద్రాసు పాత వాషర్‌మెన్‌పేట్‌లో స్టీరింగు పట్టిన ఆడవాళ్ళలో సగం మంది రాజశ్రీ దగ్గరే కారు నేర్చుకున్నారు. తక్కిన సగం మందీ ఆమె దగ్గరే నేర్చుకున్నారు గానీ, అప్పుడు తిన్న చీవాట్లు గుర్తొచ్చి ఆ సంగతి బయటికి చెప్పుకోరని ఆమె భర్త శేషాద్రి అంటూ ఉంటాడు.

పాతికేళ్ళు ఆమె ఎడమ సీట్లోనే కూర్చుంది. నేర్పే కారులో ఆ పక్కన కూడా ఒక బ్రేకూ ఒక క్లచ్చూ ఉంటాయి, యాక్సిలరేటరు మాత్రం ఉండదు. బండిని ఆపే అధికారమే గానీ పరిగెత్తించే అధికారం లేదన్నమాట. ఆ బ్రేకు తొక్కీ తొక్కీ ఆమె కుడి పిక్క ఎడమదానికంటే లావెక్కిందనీ, చెప్పుల దుకాణంలో కుడికాలికి ఒక సైజు పెద్దది అడిగి పుచ్చుకునేదనీ పేటలో చెప్పుకుంటారు. కాలేజీ అమ్మాయిలు, కొత్త పెళ్ళికూతుళ్ళు, అరవయ్యో ఏట ధైర్యం వచ్చిన అత్తగార్లు, అందరూ ఆమె పక్కన చెమటలు కారుస్తూ మలుపులు తిరిగినవాళ్ళే. స్పీడు ముల్లు ముప్పై దాటిందంటే ఆమె కాలు ఊరుకునేది కాదు.

డ్రైవింగ్ స్కూలును శిష్యురాలి చేతికి అప్పగించిన నెలలోనే ఆమె ఒక ఎర్ర కారు కొంది. చూడటానికి చిన్నదే, ఆటో పట్టిన సందులో పట్టేస్తుంది. లోపల ఇంజను మాత్రం పందెపు బండ్ల జాతిది. కాలు ఆనిస్తే చాలు, ఎవరో వెనక నుంచి వీధిని చాపలా లాగేసినట్టు దూసుకుపోతుంది. షోరూమువాళ్ళు తాళాలు శేషాద్రి చేతికివ్వబోతే ఆయన రెండు చేతులూ వెనక్కి దాచుకుని, "నాకు కడుపులో తిప్పుతుందండీ, ఆమెకివ్వండి" అన్నాడు.

"ఈ వయసులో ఇదేం పిచ్చి రాజీ?" అని అడిగిన వాళ్ళందరికీ ఆమె ఒకటే జవాబు చెప్పింది.

"పాతికేళ్ళు బ్రేకు తొక్కినా. ఇంక ఆ పక్క పెడలు కూడా ఎట్లుంటాదో చూడాల గదా!"

బండ్ల పిచ్చి ఆమెకు పుట్టుకతో వచ్చింది. వాళ్ళది ఎన్నో తరాల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చి మద్రాసులో పాతుకుపోయిన కుటుంబం. తండ్రి ఆదికేశవులుకు ఎన్నూరు రోడ్డు మీద లారీల షెడ్డు ఉండేది. రాజశ్రీ కడుపులో ఉండగా తల్లికి నొప్పులొచ్చే వేళకు చేతికందిన బండి ఉప్పు లోడు లారీ ఒక్కటేననీ, ఆసుపత్రి గేటు దాకా రాకముందే బిడ్డ క్యాబిన్లో పుట్టేసిందనీ, ఆ మొదటి ఏడుపు విని ముందున్న బస్సువాడు హారననుకుని పక్కకు తప్పుకున్నాడనీ ఆదికేశవులు బతికినంత కాలం చెప్పాడు. ఆ బస్సు నెంబరు కూడా చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ నెంబరు మారేది.

పగలు రాయపురం కాన్వెంటులో సిస్టర్ ఫిలోమినా దగ్గర జామెట్రీ, సాయంత్రం షెడ్డులో నాన్న దగ్గర టైర్లు. ఇదీ రాజశ్రీ చదువు. లారీ బయల్దేరే ముందు ఇనుప రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టి చెవి పెట్టి వినాలి. గాలి నిండుగా ఉన్నది టంగుమంటుంది, దిగిపోయింది బద్దుమంటుంది. పావడా కట్టుకున్న వయసులోనే ఆమె ఈ విద్యలో అన్న గోవిందస్వామిని దాటేసింది. ఆ సంగతి ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు.

ఆ షెడ్డుకు ఆదికేశవులు పెట్టిపోయిన కట్టుబాటు ఒకటుంది. ఆయుధ పూజ నాడు బళ్ళన్నిటికీ గంధం, కుంకుమ పెట్టి, బూడిద గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. అందరూ చేసేదే. ఈ షెడ్డులో మాత్రం తన చక్రాల మీద తానే వచ్చి నిలబడ్డ బండికే పూజ. ఇంకో బండి వీపెక్కి వచ్చినదానికి గంధం బొట్టు కూడా లేదు, ఆ ఏడాదే దాన్ని అమ్మెయ్యాలి. "నడవలేని గుర్రానికి హారతెందుకు?" అనేవాడు ఆదికేశవులు. తండ్రి పోయాక గోవిందస్వామి ఆయన ఫోటోకి దండైనా మరిచాడు గానీ ఈ కట్టుబాటు మరవలేదు.

కొత్త కారు కొన్న మొదటి ఆదివారమే రాజశ్రీ దాన్ని అన్నకు చూపించాలని ఎన్నూరు బయల్దేరింది. ఎర్నావూరు దాటాక ఒక గుంట ఉంది. కంటైనర్ లారీలు తొక్కీ తొక్కీ దాన్ని పెంచి పెద్ద చేశాయి. వానాకాలంలో ఎనుము దిగితే కొమ్ములు మాత్రమే కనిపిస్తాయట. అందులో వల వేసి జిలేబీ చేపలు పట్టి పులుసు పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారట. ముందు లారీ చాటున అది కనిపించలేదు. కారు ముందు ఎడమ చక్రం అందులో పడి లేచేసరికి టైరు పక్క చీలిపోయింది, రిమ్ము అప్పడంలా వంగింది. డిక్కీ తీసి చూస్తే స్టెప్నీ లేదు. ఈ జాతి కార్లకు స్టెప్నీకి బదులు పంచరు అతికే జిగురు సీసా ఒకటిస్తారు. చిరిగిన టైరుకు ఆ జిగురు ఏ మూలకు?

చివరికి ఎర్ర కారు క్రేను బండి వీపెక్కి షెడ్డుకు చేరింది. డ్రైవర్లంతా టీ గ్లాసులు పట్టుకుని బయటికొచ్చారు.

"స్టెప్నీ లేని బండా!" గోవిందస్వామి బుగ్గన వేలేసుకున్నాడు. "చెల్లే, ఇది కారా, ఊరేగింపు విగ్రహమా? మోసుకొచ్చినారే!"

"అన్నా, గుంటలో పడినాది. నీ లారీ పడలేదా ఎప్పుడూ?"

"పడినాది. లేచినాది. నడిచొచ్చినాది." ఆయన వేళ్ళు మడిచి మరీ చెప్పాడు. "మన రోడ్డుకు తగిన బండి కాదిది. నాయన ఉంటే ఏమనేవాడో నీకు తెలుసు గదా. అమ్మెయ్ రాజీ."

డ్రైవర్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే రాజశ్రీకి ముల్లులా గుచ్చుకుంది.

"ఆయుధ పూజకి ఈ బండి తన చక్రాల మీద వచ్చి నీ లారీల పక్కన నిలబడుతుంది" అంది. "రాకపోతే నేనే అమ్మేస్తా. మళ్ళీ కారు మాటెత్తను. నాయన మీదొట్టు."

తండ్రి మీద ఒట్టు పెట్టాక ఆ ఇంట్లో వెనక్కి తీసుకోవడం లేదు. పూజకు మూడు వారాలు కూడా లేవు.

గోవిందస్వామి కొడుకు విఘ్నేష్ అంబత్తూరులో కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. తండ్రి వైపు నిలబడాలో అత్త వైపు నిలబడాలో తేలక, అత్త పెట్టే చేపల పులుసు తలుచుకుని అటే మొగ్గాడు. ఆమెనూ శేషాద్రినీ అంబత్తూరులో తనకు తెలిసిన శ్రీకుమార్ దుకాణానికి తీసుకెళ్ళాడు, కారును మళ్ళీ క్రేను బండి మీదే అక్కడికి తెప్పించాడు. గోడ నిండా చక్రాలు, నగల దుకాణంలో హారాల్లా వేలాడుతున్నాయి.

"అత్తా, ఈడ చూడు. పంతొమ్మిది ఇంచులు, నల్లది. సెమ్మగా, భలేగా ఉంది గదా!"

"ఉంది. టైరేది?"

"అదాన్, అదే టైరు అత్తా!"

"అది టైరారా? రిమ్ముకు రబ్బరు గాజు తొడిగినారనుకున్నా."

శ్రీకుమార్ నవ్వాడు. ఆయన తల్లిది తిరుత్తణి, తెలుగు బాగానే వచ్చు. "స్టైలంటే అట్లానే ఉంటాదమ్మా. బండి రేసు బండి గదా."

"స్టైలు ఎర్నావూరు గుంటలో దిగి లేచొస్తుందా నాయనా?"

ఆమె లెక్క ఆమెకుంది. కారుతో వచ్చినవి పద్దెనిమిది ఇంచుల రిమ్ములు, వాటి మీద పలచటి టైర్లు. గుంటలో పడ్డప్పుడు దెబ్బ కాచుకోవాల్సింది టైరు పక్క గోడే. అది పొట్టిగా ఉంటే దెబ్బ నేరుగా రిమ్ముకే. అందుకని రిమ్ము ఒక ఇంచు తగ్గించి, ఆ తగ్గిన మేరకు టైరు గోడ ఎత్తు పెంచాలి. మొత్తం చక్రం ఎత్తు మారదు, స్పీడు ముల్లు అబద్ధం చెప్పదు, గుంటలో మాత్రం ఒక దిండు దొరుకుతుంది. లారీ షెడ్డులో చేసినట్టే దారం, సుద్దముక్క తీసుకుని పాత చక్రం ఎత్తు కొలిచింది. బోల్టు బెజ్జాల ఎడం చూసింది. చూసి చూసి, ఐదు రేకుల వెండి రంగు పదిహేడు ఇంచుల చక్రాలు ఎంచింది. చూడముచ్చటగా ఉన్నాయి.

"టైరు ఎక్కించే ముందు ఒకటి తొడిగి చూద్దామా అమ్మా?" అన్నాడు శ్రీకుమార్.

"నేను లారీ షెడ్డులో పుట్టినదాన్నయ్యా. ఎత్తు సరి, బోల్టు సరి. ఇంకేముంది చూసేదానికి? ఎక్కించు."

టైర్లు ఎక్కించారు. వెనక చక్రాలు రెండూ మంచి పిల్లల్లా కూర్చున్నాయి. ముందు ఎడమ చక్రం తొడిగి తిప్పబోతే టక్కుమంది. కుడి పక్క కూడా టక్కే. చక్రం రేకు పోయి లోపల ఎర్రటి ఇనుప దిమ్మకు తగులుతోంది. బ్రేకు పళ్ళేన్ని రెండు వైపులా కరిచి పట్టుకునే క్యాలిపర్ అది. వేగంగా పోయే బండి కాబట్టి దాని బ్రేకులూ పెద్దవే.

రాజశ్రీ ముఖం ఎర్రబడింది. లారీకి బ్రేకు డ్రమ్ము లోపల దాక్కుని ఉంటుంది, బయటికి తొంగి చూడదు. అందుకని లారీవాళ్ళెవరూ రిమ్ము లోపల చోటు ఎంతుందని కొలవరు. ఆదికేశవులు కొలవలేదు, ఆమె కూడా కొలవలేదు. పాతికేళ్ళు బ్రేకు మీదే కాలు పెట్టుకు కూర్చున్న మనిషి, చక్రం ఎంచేటప్పుడు బ్రేకునే మరిచింది.

"మీ నాయన దగ్గర చెప్పవద్దురా" అంది విఘ్నేష్‌తో.

"నేనెందుకు చెప్తా అత్తా?" అన్నాడు వాడు. వాడి చేతిలో ఫోను అప్పటికే వణుకుతోంది, అవతల గోవిందస్వామి. వాడు ఎత్తి, "ఇల్లప్పా, ఏం లేదు, ఇంకా చూస్తా ఉండాము" అని పెట్టేశాడు.

శ్రీకుమార్ దయ తలచి ఒక ఉపాయం చెప్పాడు. "మధ్యలో ఒక బిళ్ళ వేస్తే చక్రం బయటికి జరుగుతాదమ్మా. తగలదు."

"బోల్టు పట్టు తగ్గుతుంది. వద్దు." అది మాత్రం నాన్న దగ్గర గట్టిగా నేర్చుకున్న పాఠమే. "చక్రం మార్చు నాయనా. ఈ తూరి మాత్రం నేను కొలిచే ఇస్తా."

ఆమె చుట్టూ చూసింది. గోడకు పోయినేటి తేదీల క్యాలెండరు అట్ట ఒకటి వేలాడుతోంది, పైన సుబ్రహ్మణ్యస్వామి బొమ్మతో.

"అది ఇస్తావా?"

"తీసుకోండమ్మా. స్వామి వైపు మాత్రం కత్తెర పెట్టకండి."

రాజశ్రీ కారు పక్కన నేల మీద చతికిలబడింది. అట్టను చక్రం కూర్చునే మధ్య పళ్ళేనికి ఆనించి, ఆ ఎర్ర దిమ్మ ఎక్కడెక్కడ ఎంత పొడుచుకొచ్చిందో పెన్సిలుతో గీసింది. తర్వాత కత్తెర అందుకుని జాకెట్టుకు చేతుల వంపు కత్తిరించినట్టు ఆ వంపును కత్తిరించింది. టైలరు దుకాణాల్లో ఒక్కో మనిషి కొలత కాగితం మీద కత్తిరించి మేకుకు తగిలిస్తారే, అదే పని. ఇక్కడ మనిషికి బదులు బ్రేకు. ఆ అట్ట పట్టుకుని, దుకాణంలో ఒక్కో చక్రం వెనక పెట్టి చూడసాగింది. ఇది తగిలింది. అదీ తగిలింది. రేకులు లోపలికి వంగినవన్నీ తగిలాయి. శేషాద్రి రెండో కాఫీ తాగాడు. విఘ్నేష్ మెచ్చిన నల్ల చక్రానికీ ఒకసారి పెట్టి చూసింది, అది తగలదు గానీ టైరు గాజే. సుబ్రహ్మణ్యస్వామికి అంబత్తూరులో ఇన్ని చక్రాల ప్రదక్షిణ ఇంతకుముందెన్నడూ జరిగి ఉండదు.

వెనక వరసలో దుమ్ము కొట్టుకుపోయి నాలుగు చక్రాలున్నాయి. బూడిద రంగు. నగిషీ లేదు, మెరుపు లేదు. రేకులు మాత్రం బోర్లించిన పళ్ళెంలా బయటికి ఉబ్బి ఉన్నాయి. అట్ట పెడితే లోపల చిటికెన వేలు దూరేంత చోటు మిగిలింది.

"ఇవే" అంది.

"అయ్యో అత్తా! కాల్ టాక్సీకి వేసే చక్రం లాగుండాది. ఎర్ర కారుకు ఇదా?"

"టాక్సీవాడు రోజంతా గుంటల్లో తిరిగి రాత్రికి ఇంటికొస్తాడు గదరా. ఎట్లొస్తాడనుకున్నావు?"

ఈసారి మొదట ఉత్త చక్రమే తొడిగింది. తిప్పింది. గాలిలో అది చప్పుడు లేకుండా తిరిగింది. అప్పుడు టైర్ల వంతు వచ్చింది. అప్పటికి ఎక్కించినవాటిలో ఒకదాని అంచు మీద అచ్చు చూస్తే అది తయారై రెండేళ్ళు దాటింది. తక్కినవి కొత్తవి. "ముగ్గురు అక్కచెల్లెళ్ళ మధ్య నాయనమ్మను కూర్చోబెట్టినావే" అని దాన్ని మార్పించింది. విఘ్నేష్ పందేలకు వాడే మెత్తటి టైర్లు చూపించాడు, ఎండలో బంకలా పట్టుకుంటాయన్నాడు. వాటి మీద గాడులే లేవు. రాబోయేది ఐప్పసి నెల, మద్రాసుకు అసలు వానాకాలం అదే, నీళ్ళు పోయే దారి లేకపోతే టైరు నీటి మీద పడవైపోతుంది. లోతైన గాడులూ గట్టి గోడలూ ఉన్న టైర్లనే ఆమె ఉంచుకుంది.

కొత్త టైరు మీద పోత అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటుంది. అది అరిగేదాకా నెమ్మదిగా నడపాలి. పూజ దాకా రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డు మీద ముప్పైలో తిప్పింది. పందెపు జాతి ఇంజను ఆవలిస్తూ నడిచింది. పక్కన శేషాద్రికి మాత్రం ప్రాణం హాయిగా ఉంది. "రాజీ, జీవితమంతా ఇదే జిడ్డుంటే ఎంత బాగుండు!" అన్నాడు.

ఆయుధ పూజ నాడు పొద్దుట సన్నటి జల్లు పట్టింది. అప్పటికే దుకాణాల ముందు గుమ్మడికాయలు పగిలాయి. కుంకుమ కలిసిన తెల్లటి గుజ్జు రోడ్డంతా పరుచుకుని వానకు జారుడుబల్లలా తయారైంది. ఆ రోజు మద్రాసులో బండి నడపడమంటే సబ్బు రాసిన గచ్చు మీద భరతనాట్యం. శేషాద్రి వెనక సీట్లో బొరుగుల సంచీ, శనగల గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ముందు సీట్లో విఘ్నేష్.

తిరువొత్తియూరు దాటారు, ఎర్నావూరు వచ్చింది. కుడి పక్క కంటైనర్ల వరస గోడలా కదులుతోంది. ముందు స్కూటరు మీద ఒకతను భార్యను, అరటి పిలకలను ఎక్కించుకుని పోతున్నాడు. టీ కొట్టు ముందు పగిలిన గుమ్మడికాయ మీద అతని చక్రం పడింది. అతను, భార్య, అరటి పిలకలు ముగ్గురూ మూడు పక్కలకు జారారు.

రాజశ్రీ కాలు ఆమెకంటే ముందే బ్రేకు మీదుంది. పాతికేళ్ళ కాలు అది. టైర్లు గుజ్జునూ నీళ్ళనూ చీల్చుకుని రోడ్డును పట్టుకున్నాయి. అయినా చాలదు, పడ్డ మనిషి మరీ దగ్గరగా ఉన్నాడు. కుడి వైపు లారీ. ఎడమ వైపు ఒక్కటే దారి, అందులో గుంట. ఏ గుంటో చెప్పక్కర్లేదు. నిండా నీళ్ళతో నోరు తెరుచుకుని పాత చుట్టంలా ఎదురుచూస్తోంది.

ఆమె స్టీరింగు ఎడమకు తిప్పింది.

దబ్బుమంది. బొరుగులు సంచీ వదిలి పైకప్పుకు తగిలి అక్షింతల్లా శేషాద్రి నెత్తిన రాలాయి. కారు మునిగి, లేచి, నీళ్ళు దులుపుకుని అవతల ఒడ్డున ఆగింది. స్కూటరతను అప్పటికే లేచి పంచె సర్దుకుంటున్నాడు, భార్య అతన్ని తిడుతోంది. ఇద్దరికీ దెబ్బ తగల్లేదు. అరటి పిలకలే నలిగాయి.

రాజశ్రీ కారును మెల్లగా కదిలించింది. స్టీరింగు వణికితే రిమ్ము వంగినట్టు. ఒక పక్కకు లాగితే గాలి పోతున్నట్టు. అరచేతులు వదులుగా ఆనించి చూసింది. వణకలేదు, లాగలేదు.

"అత్తా..." అన్నాడు విఘ్నేష్.

"నోరు మూసుకోరా. వింటా ఉన్నా."

షెడ్డు గేటు ముందు లారీలన్నీ గంధం బొట్లతో పెళ్ళికొడుకుల్లా నిలబడి ఉన్నాయి. ఎర్ర కారు తన నాలుగు చక్రాల మీద లోపలికొచ్చి, చివరి లారీ పక్కన ఖాళీలో ఆగింది. ముందు భాగమంతా బురదే. డ్రైవర్లు ఈసారి టీ గ్లాసులు కింద పెట్టి వచ్చారు.

గోవిందస్వామి లోపలికెళ్ళి నాన్న రాడ్డు తెచ్చాడు. వంగి ముందు ఎడమ టైరును కొట్టి చెవి పెట్టాడు. టంగు. చుట్టూ తిరిగి ఒక్కోటీ కొట్టాడు. ఆఖరిది రెండుసార్లు కొట్టాడు, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని.

"చక్రం అందంగా లేదు" అన్నాడు.

"నాయనా, వానొచ్చి గుంట నిండి ఉండాది. దాంట్లో దిగొచ్చినాము" అన్నాడు విఘ్నేష్. "నేను చూసినా. సత్తెంగా."

గోవిందస్వామి చెల్లెలి ముఖం చూశాడు, బురద చూశాడు, బావమరిది నెత్తిన బొరుగులు చూశాడు. తర్వాత డ్రైవర్ల వైపు తిరిగి గట్టిగా కసిరాడు. "ఏందిరా చూస్తా నిలబడినారు? గంధం గిన్నె తెండి! మొదటి గుమ్మడికాయ నా చెల్లెలి బండికి!"

ఆయనే దిష్టి తీసి కాయ కొట్టాడు, ఆయనే నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. రాజశ్రీ వాటిని తొక్కించి ముందుకు పోతుండగా, ఎవరూ పిలవకుండానే ఎడమ తలుపు తీసుకుని ఎక్కేశాడు.

"ఆ చివర దాకా పోదాం. ఊరికే. ఎట్లుంటాదో చూడాల."

జిడ్డు అరిగిపోయింది. షెడ్డు దాటాక రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. రాజశ్రీ పాతికేళ్ళు తన కాలికి అందని పెడలు మీద ఈసారి నిండుగా కాలు ఆనించింది. ఎర్ర కారు ఆవలింత ఆపి ఒక్క ఉదుటున లేచింది. మీసాలు పైకి తన్నుకున్నాయి గోవిందస్వామికి. నలభై ఏళ్ళు లారీలు తోలిన ఆ మనిషి కుడికాలు, లేని బ్రేకు కోసం నేల మీద టపటపా తడుముకోసాగింది.

రాజశ్రీ అటు చూడకుండానే, స్కూల్లో వేలసార్లు అన్న గొంతుతోనే అంది.

"కాలు తియ్ అన్నా. అది నా పని."